బాడీ నాకు, ఇంజిన్ అన్నయ్యకి

మా నాన్న బుల్లెట్టుని మా అన్నయ్యా నేనూ చెరిసగం పంచుకున్నాం. మాటవరసకి అంటున్నది కాదు. పానాలు పెట్టి విప్పించి, ఇంజినూ గేర్‌బాక్సూ కిక్కరూ కలిసి ఉన్న ముద్దని అన్నయ్య నందిగామ పట్టుకుపోయాడు. చక్రాలూ, ట్యాంకూ, సీటూ, హ్యాండిలూ ఉన్న అస్థిపంజరం జగ్గయ్యపేటలో నా వాటాకొచ్చిన ఇంటి వసారాలో ఉండిపోయింది. పదిహేనేళ్లు దాటింది. ఆ పదిహేనేళ్లూ ఆయన గడప నేను తొక్కలేదు, నా గడప ఆయన తొక్కలేదు.

పంపకం చేసింది మా చర్చి సంఘ పెద్ద రత్తయ్యగారు. ఇల్లు నాకు, నందిగామ స్థలం అన్నయ్యకి అని పావుగంటలో తేలిపోయింది. మంచాలూ బిందెలూ తేలిపోయాయి. బండి దగ్గర ఆగింది. నాకు కావాలన్నాను. నాకూ కావాలన్నాడు అన్నయ్య. అమ్మేసి పంచుకోండయ్యా అంటే ఇద్దరం ఒప్పుకోలేదు. రత్తయ్యగారికి విసుగొచ్చి, "అయితే కోసి పంచమంటారా?" అన్నాడు. "కొయ్యండి" అన్నాను నేను. "కొయ్యనివ్వండి" అన్నాడు అన్నయ్య. బిడ్డని రెండు ముక్కలు చెయ్యమన్న రాజు కథ ఆదివారం బళ్లో విని పెరిగినవాళ్లమే ఇద్దరం. అన్నయ్యయితే ఆ కథ పిల్లలకి చెప్పినవాడు కూడా. అయినా "పోనీ, వాడికే ఇచ్చెయ్యండి" అనే ముక్క ఒక్కడి నోటా రాలేదు.

నా పట్టుదలకి నా లెక్క నాకుంది. నేను ఎనిమిదో తరగతిలో ఉండగా నాన్నకి పక్షవాతం వచ్చి ఎడమచెయ్యి పట్టు తప్పింది. మా నాన్న ప్రేమదాసు మాస్టారంటే మిషను బడి మాస్టారు, ఆదివారమైతే చుట్టుపక్కల ఊళ్లకి వెళ్లి వాక్యం చెప్పేవాడు. క్లచ్చి పట్టని చేత్తో బండి ఎలా నడుపుతాడు? "రెండు నెలలు నన్ను తిప్పరా దేవా" అన్నాడు. ఆ రెండు నెలలు తొమ్మిదేళ్లు అయ్యాయి. చందర్లపాడూ ముక్త్యాలా కంచికచర్లా అన్నీ నేనే తిప్పాను. నా పుస్తకాల సంచీ ఎలకలు కొట్టేశాయి. అన్నయ్య రూబెన్ చదువుకున్నాడు, టీచరయ్యాడు, ఇప్పుడు పింఛను తింటున్నాడు. నేను హైవే పక్కన లారీలకి కమాన్ కట్టలు, అంటే చక్రాల మీది స్ప్రింగు పట్టీలు, బిగించుకుంటూ యాభై రెండుకొచ్చాను. ఇంతా చేసి బండి కూడా నాది కాకుండా పోతే ఎలా ఊరుకుంటాను?

పోయిన ఫిబ్రవరిలో షెడ్డులో జాకీ జారింది. కుడి మోకాలు విరిగింది. మూడు నాలుగు నెలలు బరువు మొయ్యకూడదు, ఆ కాలు ఝాడించకూడదు అన్నాడు డాక్టరు. ఇక ఇంట్లో కుర్చీ, కుర్చీలో నేను.

మా ఆవిడ కృపాజ్యోతి ఇంట్లోనే జాకెట్లు కుడుతుంది. పది రోజులు ఓర్చుకుంది పాపం. పదకొండోనాడు మిషను తొక్కడం ఆపి నా వైపు తిరిగింది.

"ఏమండీ, పొద్దుట్నించీ నాలుగు వంకలయ్యాయి. చట్నీలో ఉప్పన్నారు, మిషను చప్పుడన్నారు, క్యాలెండరు వంకరన్నారు, పక్కింటి రేడియో అన్నారు. ఇంకేమైనా మిగిలిందా?"

"ఉన్నమాట అంటే తప్పా?"

"నన్ను బాగుచెయ్యడం ఇంక మానెయ్యండి. ఆ వసారాలో ఇనుముంది కదా, దాన్ని బాగుచెయ్యండి."

"ఇంజిన్ లేని బండి బాగుచేసి ఏం చేసుకోను, పటం కట్టుకోనా?"

"ముందు ఉన్నదాని తుప్పు వదిలించండి. లేనిదాని సంగతి తర్వాత" అని మళ్లీ మిషను తొక్కడం మొదలుపెట్టింది.

వెళ్లి గోనెపట్టా లాగాను. సీటు కింద గూట్లో మా కోడిపెట్ట పొదుగుతోంది. నన్ను చూసి ముక్కుతో పొడవబోయింది. దాని ఇంటికి నేనే పరాయివాణ్ణి. ట్యాంకు అడుగున తుప్పు పెచ్చులు పెచ్చులుగా లేచింది. చువ్వలు వేలితో నొక్కితే విరిగేలా ఉన్నాయి. పదిహేనేళ్లుగా ఈ బండి నాదని ఊరంతా చెప్పుకున్నాను గానీ ఒక్కనాడూ గుడ్డముక్కతో తుడవలేదని అప్పుడు తెలిసింది. తెలిసి కూడా అన్నయ్య మీదే కోపమొచ్చింది. ఇంజిన్ ఉంటే తుడవనా నేను?

కోడి పిల్లల్ని లేపేదాకా పదకొండు రోజులు ఆగాల్సి వచ్చింది. కృపాజ్యోతి కదపనివ్వలేదు. ఈలోపు పాత మెకానిక్కు నన్నే సాహెబు దగ్గరికి వెళ్లాను.

నాన్న రోజుల్లో ఈ బండికి చెయ్యేసింది ఆయనొక్కడే. ఇప్పుడు డెబ్భై ఎనిమిదేళ్లు. ఒక కన్ను పూర్తిగా పోయింది, రెండోదానికి మనిషి ఆకారం మాత్రం తెలుస్తుంది. నా చేతికర్ర చప్పుడు విని, "ఎవరూ?" అన్నాడు.

"దేవరాజునండి. ప్రేమదాసు మాస్టారి చిన్నబ్బాయిని."

"సగం బండి దేవరాజా?"

జగ్గయ్యపేటలో నా పేరది. మొహం మాడ్చుకునే విషయం చెప్పాను. ఆయన చాలాసేపు గడ్డం గోక్కున్నాడు.

"జూన్ మొదటి వారంలో ఖమ్మం పోతున్నా, మా సుల్తానా దగ్గరికి. కళ్లు లేనోణ్ణి ఒక్కణ్ణి ఇక్కడ ఉంచనంటోంది. ఈలోపు అయితే వస్తా. ఆ తర్వాత నువ్వు పిలిచినా రాను, ఎవడూ రాడు. ఆ గేర్‌బాక్సు లోపల ఏముందో ఈ చేతులకే తెలుసు."

"ఇంజిన్ లేదు కదండీ."

"ఉంది కదా. నీ దగ్గర లేదు, అంతే."

మర్నాటి నుంచి రోజూ పొద్దున్నే వచ్చేవాడు. వసారాలో చాప మీద కూర్చుని, ఒక్కో ముక్కా చేతికిస్తే వేళ్లతో తడిమి, "ఇది బతుకుద్ది", "ఇది పారెయ్", "ఇది కిరోసిన్లో రెండు రోజులు పడుకోబెట్టు" అని చెప్పేవాడు. నేను గీకడం, రుద్దడం, బిగించడం. కాలు చాపుకుని చేసే పని కాబట్టి మోకాలికి ఇబ్బంది లేదు. కొత్త చువ్వలు వేసి చక్రం తిప్పితే వంకర నా కంటికి కనపడకముందే ఆయన చెవికి వినపడేది. "కుడికి లాగుతోంది, ఆ పైది సగం చుట్టు వదులు చెయ్" అనేవాడు. చేస్తే సరిపోయేది. నాకు ఒళ్లు మండేది. నా రెండు కళ్లూ ఎందుకున్నట్టు?

మార్చి పోయింది. ఏప్రిల్ పోతోంది. నేను చట్నీలో ఉప్పు గురించి మాట్లాడటం మానేశానని కృపాజ్యోతి సాహెబుతో చెప్తుంటే విన్నాను. విననట్టు చక్రం తిప్పుతూ కూర్చున్నాను.

రంగు దగ్గర ఆగిపోయాం. మా ఇల్లు ముక్త్యాల సిమెంటు లారీలు తిరిగే దారిలో ఉంది. నల్లరంగు వేసిన ట్యాంకు మీద గంటలో బూడిద పరుచుకునేది. గీకి మళ్లీ వేశాను. మళ్లీ పరుచుకుంది. మూడోసారి కృపాజ్యోతి లోపలి నుంచి మా పెళ్లినాటి దోమతెర తెచ్చి, నీళ్లలో ముంచి పిండి, వసారా దూలానికి కట్టింది. అందులో ట్యాంకుని వేలాడదీసి, నేనూ లోపల కూర్చుని రంగు వేశాను. దారిన పోయేవాళ్లు ఆగి చూశారు.

"ఏంటి దేవరాజూ, ట్యాంకుకి దోమలు కుడుతున్నాయా?"

"మీ అంత నెత్తురు లేదు దానికి. పొండి, పొండి."

ట్యాంకు మీద బంగారు గీత ఉండాలి. అది చేత్తోనే గియ్యాలి. సాహెబు చెయ్యి వణుకుతోంది. నాది లారీ కట్టలు మోదిన చెయ్యి, గీస్తే పాము పాకినట్టు వచ్చింది. తుడిచేసి మళ్లీ గీశాను. ఇంకో పాము. కృపాజ్యోతి చేతిలో కత్తెర కింద పెట్టి, "ఇటివ్వండి" అని కుంచె లాక్కుంది. ఇరవై ఏళ్లుగా సుద్దముక్కతో మెడలూ చంకలూ గీసిన చెయ్యి. ఊపిరి బిగబట్టి, ఈ చివర మొదలుపెట్టి ఆ చివర తేలింది. మధ్యలో ఎక్కడా ఆగలేదు.

సాహెబు కనపడని కళ్లతో అటే చూస్తూ, "వచ్చిందా?" అన్నాడు.

"వచ్చిందండి" అన్నాను. పెళ్లయిన ఇరవై ఆరేళ్లలో ఆవిడ పనిని ఒక్కసారైనా ఇలా కళ్లప్పగించి చూశానా అంటే, లేదు.

మే నెల రెండో వారానికి బాడీ సిద్ధమైంది. నల్లగా మెరుస్తోంది, మధ్యలో మాత్రం పెద్ద బొంద. ఇంజిన్ ఉండాల్సిన చోటు నుంచి అవతలి గోడ కనపడుతోంది.

"విజయవాడ పాతసామాన్ల దగ్గర వేరే ఇంజిన్ వెతుకుతా" అన్నాను.

"వేరేది పెడితే బండి నడుస్తుంది. మీ నాన్న బండి నడవదు" అన్నాడు సాహెబు. "అయినా ఆర్‌సీలో రెండు నంబర్లున్నాయి, బాడీదొకటి, ఇంజిన్‌దొకటి. ఒకటి నీ దగ్గరుంది, రెండోది మీ అన్న దగ్గరుంది."

"ఆయన ఎప్పుడో తూకానికి వేసేసి ఉంటాడు. లేదా పెరట్లో వానకి తడిసి బిగుసుకుపోయి ఉంటుంది. పుస్తకాలు తప్ప ఏం తెలుసు ఆయనకి?"

"చూసావా?"

"చూడక్కర్లేదు."

"నాకు కళ్లు లేవు, నేనంటే అర్థముంది" అని సాహెబు కర్ర తీసుకుని లేచాడు. "రేపు ట్రాలీ ఆటో చెప్పు. నేనూ వస్తా. ఇంకో మూడు వారాలే ఉన్నా ఈ ఊళ్లో."

ఆ రాత్రి నిద్రలేదు అని రాస్తే అబద్ధం. బాగానే పడుకున్నాను. కానీ ఆటోలో నందిగామ చేరేదాకా ఒకే మాట నోట్లో తిప్పుకుంటూ ఉన్నాను. 'అడుక్కోడానికి రాలా, అడగడానికి వచ్చా.' అవతలివాడు ఇవ్వనంటే, ఈ మూడు నెలల పనీ వసారాలో పటమే. ఇచ్చేదీ ఇవ్వనిదీ ఆయన చేతిలో ఉంది. చిన్నప్పటి నుంచీ అన్నీ ఆయన చేతికే వెళ్లాయి, ఇదీ అంతే.

అన్నయ్య లుంగీ, బనీనుతో తలుపు తీశాడు. జుట్టు మొత్తం నెరిసింది. నాన్నలాగే ఉన్నాడు. నా మొహం చూడలేదు, నా కాలు చూశాడు.

"కుడి కాలా?" అన్నాడు.

"ఎవరు చెప్పారు?"

"విరిగిందని తెలుసు. ఏ కాలో తెలీదు."

వెనక నుంచి సూసన్ వదిన, "రావయ్యా దేవరాజూ, గుమ్మంలో నిలబడి ఏం చూస్తావ్? కృప ఫోన్ చేసింది, బయల్దేరారని" అంది. తోడికోడళ్లిద్దరూ ఫోన్లో మాట్లాడుకుంటూనే ఉన్నారన్నమాట. మా పదిహేనేళ్ల పట్టుదల మగవాళ్ల వరకే ఉంది.

నోట్లో తిప్పుకుంటూ వచ్చిన మాట బయటికి రాలేదు. సాహెబే అన్నాడు: "రూబెన్ మాస్టారూ, ఇంజిన్ కోసం వచ్చాం."

అన్నయ్య కళ్లజోడు తీసి బనీనుతో తుడుచుకున్నాడు. వెనక వసారాలోకి నడిచాడు. అక్కడ పాత స్కూలు బెంచీ ఒకటుంది. దాని మీద ఉతికిన దుప్పటి. దుప్పటి తీశాడు. బెంచీకి రంధ్రాలు చేసి, నాలుగు బోల్టులతో బిగించి ఉంది మా ఇంజిన్.

సాహెబు మోకాళ్ల మీద కూర్చుని దాన్ని ముందు నుంచి వెనక్కి తడిమాడు. వేళ్లు ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు. తర్వాత లేచి, బెంచీ పట్టుకోమని నాతో చెప్పి, కిక్కరు మీద పాదం ఆనించి మెల్లగా తొక్కాడు. బిగుసుకుపోయిన ఇంజిన్ అయితే కిక్కరు రాయిలా నిలబడాలి. అది సగం దాకా నున్నగా దిగి, అక్కడ ఉస్సుమని గాలి వదిలింది. నిద్రలో ఒత్తిగిల్లిన మనిషి నిట్టూర్చినట్టు.

సాహెబు ఇంకోసారి తొక్కాడు. మళ్లీ ఉస్సుమంది.

"పదిహేనేళ్లు పడుకున్న ఇంజిన్ కాదిది" అన్నాడు. "ఎవరో తిప్పుతూనే ఉన్నారు."

అన్నయ్య పెరట్లోకి చూస్తూ, "అటూ ఇటూ పోయేటప్పుడు ఊరికే ఒకసారి..." అన్నాడు.

"ఊరికేనా?" వదిన మజ్జిగ గ్లాసులు పెడుతూ అందుకుంది. "నెలనెలా మొదటి ఆదివారం ప్రభురాత్రి భోజనం తీసుకుని గుడి నుంచి రావడం, తెల్లచొక్కా విప్పి మేకుకి తగిలించడం, ప్లగ్గు తీసి గరిటెడు ఆయిలు పొయ్యడం, ఇరవైసార్లు కిక్కరు తొక్కడం. వానైనా అంతే, జ్వరమైనా అంతే. నా గరిటె ఒకటి పదిహేనేళ్లుగా దానికే అంకితం."

నా సగం మీద కోళ్లు గుడ్లు పెట్టాయి. ఆ సంగతి అక్కడ చెప్పాలా? మజ్జిగ మొత్తం తాగేశాను. గ్లాసు ఖాళీ అయ్యాక కూడా పట్టుకునే ఉన్నాను.

"ఏ ఆయిలు పోసేవాడివి?" అన్నాను చివరికి.

"నలభై నంబరు. నువ్వు నాన్నకి చెప్తుంటే విన్నా."

అంతే మాట్లాడుకున్నాం. ఇస్తావా అని నేను అడగలేదు, ఇస్తానని ఆయన అనలేదు. బోల్టులు విప్పబోతుంటే, "వద్దు, బెంచీతో సహా తీసుకుపో. దార్లో కుదుపులకి దొర్లుద్ది" అని ఆటోలోకి తనే ఒక పక్క పట్టాడు. ఆటో కదిలాక వెనకాలే నాలుగడుగులు వచ్చి, "కిక్కరు స్ప్రింగు నీరసించింది. కాస్త బయటికి లాగి తొక్కాలి" అన్నాడు.

దారంతా సాహెబు ఇంజిన్ మీద చెయ్యేసుకుని కూర్చున్నాడు. రోడ్డు మధ్య కంచె అవతల లారీలు పోతున్నాయి. నాకు ఎండలో కళ్లు మండాయి. అది ఎండే.

మిగతా రెండు వారాలూ వాయువేగంతో గడిచాయి. సాహెబు చెవి, నా చెయ్యి. గేర్‌బాక్సు విప్పి చూపిస్తే ఒక్కో పంటినీ వేలితో లెక్కపెట్టి, "దేవుడి దయ" అన్నాడు. మే ముప్పై ఒకటి సాయంత్రానికి చివరి నట్టు బిగిసింది. వెనక్కి జరిగి చూసుకున్నాను. బొంద లేదు. గోడ కనపడటం లేదు.

అప్పుడు తట్టింది. బుల్లెట్టుకి కిక్కరు కుడిపక్క. నా కుడి మోకాలు ఇంకా గట్టిపడలేదు. సాహెబు కాలు మెల్లగా తొక్కగలదు గానీ స్టార్టయ్యే తన్ను తన్నలేదు. మూడు నెలలు కష్టపడి చేసిన బండిని నేనే స్టార్టు చెయ్యలేను.

"పక్కవీధి కుర్రాళ్లని పిలుస్తా" అన్నాను.

"ఆ కిక్కరు అలవాటైన కాలు ఒకటుంది కదా" అన్నాడు సాహెబు.

నేను కృపాజ్యోతి వైపు చూశాను. ఆవిడ కాజాలు కుడుతూ తలెత్తకుండానే, "చెప్పేసా. రేపు మొదటి ఆదివారం. ఇంజిన్ లేక బావగారికి ఏం తోచదంట" అంది.

మర్నాడు పదకొండు దాటాక బస్సు దిగి, అన్నయ్యా వదినా నడుచుకుంటూ వచ్చారు. గుడి బట్టల్లోనే ఉన్నారు. అన్నయ్య గుమ్మంలో ఒక్క క్షణం ఆగాడు. పదిహేనేళ్ల కిందట ఎడమ కాలు బయట పెట్టి వెళ్లిపోయిన గుమ్మమది. లోపలికి వచ్చి, బండి చుట్టూ ఒకసారి తిరిగి, బంగారు గీత మీద వేలు ఆనీ ఆనకుండా పోనిచ్చి, "ఎవరు గీసారు?" అన్నాడు.

"మీ మరదలు."

"నీ చెయ్యి కాదని తెలుస్తూనే ఉంది" అని తెల్లచొక్కా విప్పి మేకుకి తగిలించాడు.

తన్నాడు. పలకలేదు. మళ్లీ తన్నాడు. కిక్కరు ఎదురుతన్ని పిక్కకి తగిలింది.

"అలా కాదన్నయ్యా" అన్నాను. "బెంచీ మీద తిప్పడం వేరు, స్టార్టు చెయ్యడం వేరు. ఎడమచేతి కింద చిన్న లివరుంది, అది నొక్కు. నొక్కి కిక్కరు మెల్లగా దింపు. హెడ్‌లైటు మీది మీటరులో ఆ ముల్లు చూడు, మధ్యకొచ్చిందా? ఇప్పుడు లివరు వదిలెయ్. కిక్కరు పైకి రానీ. ఇప్పుడు, భయపడకుండా, ఒక్కటే తన్ను."

ముప్పై ఐదేళ్లు పాఠాలు చెప్పిన మనిషి నేను చెప్పింది చెప్పినట్టు చేశాడు. నాలుక బయటపెట్టి మరీ చేశాడు.

బండి పలికింది.

దగ్గినట్టు రెండు, ఆగి ఇంకొకటి, తర్వాత వరసగా. వసారా రేకులు అదిరాయి. దోమతెర ఊగింది. కోడిపిల్లలు నాలుగు దిక్కులకీ పరిగెత్తాయి. సాహెబు తల పక్కకి వంచి, కళ్లు మూసుకుని, వేలెత్తి మమ్మల్నందరినీ మాట్లాడొద్దన్నాడు. నిమిషం విన్నాడు. "ఎడమ ట్యాపెట్టు సందు వెంట్రుకంత ఎక్కువ" అన్నాడు. ఆ తర్వాత నవ్వాడు. ఆయనకి పళ్లు లేవని నాకు అప్పుడే తెలిసింది.

గేరు కుడికాలికి, బ్రేకు ఎడమ కాలికి ఉండే పాత బండి. దీన్ని నడపడం నాకొక్కడికే వచ్చు. గేరుకి బొటనవేలు కదిలితే చాలు, మోకాలు వంచక్కర్లేదు. "దూరం పోకండి" అని కృపాజ్యోతి అంటుండగానే నేను ఎక్కి కూర్చున్నాను. అన్నయ్య చొక్కా తొడుక్కుని నిలబడ్డాడు.

"ఎక్కు" అన్నాను.

ఎక్కాడు. కుడిచెయ్యి నా భుజం మీద వేశాడు.

ముక్త్యాల రోడ్డు ఎక్కాం. ఆదివారం కాబట్టి లారీలు తక్కువ. రెండు పక్కలా కోసిన మిరపచేలు. ఒక మైలు పోయాక అన్నయ్య చెవి దగ్గర అరిచాడు. "నేను దీన్నెక్కడం ఇదే!"

"ఏంటీ?"

"ఎప్పుడూ ఎక్కలేదురా. ముందు నువ్వుండేవాడివి. వెనక నాన్న ఉండేవాడు. నేను బస్సుకే వెళ్లేవాణ్ణి."

అనకూడదనుకుంటూనే అన్నాను: "నువ్వు బస్సెక్కి చదువుకి పోయేవాడివి. నాకది లేదు."

"లేదు" అన్నాడు.

సర్ది చెప్పలేదు. నాన్నది తప్పనలేదు, తనది తప్పనలేదు. లేదు అన్నాడు, అంతే. భుజం మీద చెయ్యి మాత్రం తియ్యలేదు. ఆ ఒక్క మాట కోసం ఇన్నేళ్లు ఆగానా అనిపించింది. ఏటిగాలి తగిలేదాకా పోయి బండి తిప్పాను.

ఇంటికొచ్చాక కొత్త గొడవ.

"ఇంజిన్ బతికించింది నువ్వు. బండి నందిగామ తీసుకుపో" అన్నాను.

"నడపడం రాని నాకెందుకు? చేసింది నువ్వు. ఇక్కడే ఉంచు" అన్నాడు.

"నాకొద్దు."

"నాకూ వద్దు."

ఇద్దరి గొంతులూ లేచాయి. వదిన నెత్తి కొట్టుకుంది. కృపాజ్యోతి వంటింట్లోంచి గరిటె పట్టుకుని వచ్చింది. "రంపం తెమ్మంటారా? రత్తయ్యగారు లేకపోయినా సాహెబుగారున్నారు, కోసి పంచుతారు."

సాహెబు గోడకి ఆనుకుని, "నేనే కొయ్యాలంటే రంపం ఎటుపోద్దో నేను చెప్పలేను" అన్నాడు.

అందరికంటే ముందు అన్నయ్యకే నవ్వొచ్చింది.

"పంపకం పంపకమే" అన్నాడు నవ్వు ఆపుకుంటూ. "బాడీ నీది, ఇంజిన్ నాది. నా ఇంజిన్ని నీ బాడీలో ఉంచా. మొదటి ఆదివారం వచ్చి నా ఇంజిన్ నేను చూసుకుంటా. ఎలాగూ నీ కాలు తన్నలేదు కదా."

మూడో తారీఖున సాహెబు ఖమ్మం వెళ్లిపోయాడు. నెలనెలా ఫోన్ చేస్తాడు. ఫోన్ ట్యాపెట్టు దగ్గర పెడితే విని ఏం బిగించాలో చెప్తాడు. అన్నయ్య నెలనెలా బస్సు దిగుతాడు, చొక్కా విప్పుతాడు, ముల్లు మధ్యకి తెస్తాడు, తన్నుతాడు. ఇప్పుడు మొదటి తన్నుకే పలుకుతోంది. ఆయిలు పోసే ఆ గరిటెని వదిన ఇక్కడికే పంపేసింది. నేను ముందు, ఆయన వెనక, ఏటిదాకా పోయి వస్తాం. నెలలో మిగతా రోజులన్నీ బండి దోమతెర కింద ఉంటుంది.

నిన్న శనివారం అన్నయ్య ఫోన్ చేశాడు.

"కాలెలా ఉందిరా?"

"నడుస్తున్నా. తన్నడానికి ఇంకా ఓపిక రాలేదు."

"సరే, తొందరపడకు. రేపు వస్తున్నా."

ఫోన్ పెట్టేశాక కృపాజ్యోతి నా వైపు ఒక చూపు చూసి, సూదిలో దారం ఎక్కించుకుంది. మోకాలు పూర్తిగా అతుక్కుందని, ఇక దేన్నయినా తన్నొచ్చని డాక్టరు చెప్పి నాలుగు నెలలైంది. చెప్పేటప్పుడు ఆవిడ పక్కనే ఉంది.